మైలాపూరు నుండి తిరుత్తణి దాకా: ఉమ్మడి మదరాసును వీడిన ఆంధ్ర, సరిహద్దు గీత పడిన తీరు

ఒకే ప్రభుత్వం కింద దీర్ఘకాలం కలిసి ఉన్న రెండు ప్రాంతాలు విడిపోవునప్పుడు మొదట తలెత్తే ప్రశ్న గీత ఎక్కడ పడాలన్నది. ఆ ప్రశ్న రాజధానిలో చర్చకు వస్తుంది. దాని ఫలితాన్ని మాత్రం సరిహద్దు గ్రామాలు అనుభవిస్తాయి. ఏ కచేరీకి పోవాలి, పిల్లవాడు ఏ భాషలో అక్షరాలు దిద్దాలి, చెరువు తూము తాళం ఎవరి చేతిలో ఉండాలి అనే విషయాలన్నీ ఆ గీతను బట్టే మారుతాయి. చిత్తూరు, నెల్లూరు, చెంగల్పట్టు సీమల సరిహద్దు పల్లెలకు ఈ అనుభవం కొత్తది కాదు. 1953లో మదరాసు రాష్ట్రం నుండి ఆంధ్ర విడివడినది మొదలు 1960లో గీత స్థిరపడేదాకా నడిచిన బేరసారాల చరిత్ర ఆ పల్లెల చరిత్రే. ఆ చరిత్రకు మూలస్థానం మాత్రం సరిహద్దులో కాక, చెన్నపట్నంలోని మైలాపూరులో ఉన్నది.

మైలాపూరులో రెండు ఇళ్లు

ఆంధ్రోద్యమ చరిత్రలో మైలాపూరుకు చెందిన రెండు ఇళ్లు మరపురానివి. మొదటిది దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి నివాసమైన శ్రీబాగ్. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు అక్కడ సమావేశమై ఒక ఒప్పందానికి వచ్చారు. రాష్ట్రం ఏర్పడితే రాజధాని, ఉన్నత న్యాయస్థానం రెండింటినీ ఒకే ప్రాంతంలో ఉంచరాదనీ, కృష్ణా, తుంగభద్ర వంటి నదుల జలాల వినియోగంలో రాయలసీమకు కొంతకాలం ప్రాధాన్యం ఇవ్వాలనీ అందులో అంగీకరించారు. అదే శ్రీబాగ్ ఒడంబడిక. ఇతరుల నుండి విడిపోవడానికి ముందు తమలో తాము ఒప్పుకోవలసినవి ఏమిటో తేల్చుకోవడం ఇందులోని విశేషం.

రెండవది రాయపేట హైరోడ్డులోని బులుసు సాంబమూర్తిగారి ఇల్లు. మదరాసు శాసనసభకు స్పీకరుగా పనిచేసిన సాంబమూర్తిగారి ఆ ఇంట్లోనే 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష ప్రారంభించారు. అంతకుముందు 1951లో స్వామి సీతారాం, అనగా గొల్లపూడి సీతారామశాస్త్రి, 35 దినాలు ఉపవసించి ఆచార్య వినోబాభావే కోరిక మీద విరమించారు. శ్రీరాములు దీక్ష అలా ముగియలేదు. 58 దినాల ఉపవాసం తరువాత డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణం విడిచారు. తెలుగు జిల్లాలలో ఆందోళనలు చెలరేగాయి, కాల్పులు జరిగాయి. నాలుగు దినాలకే, డిసెంబరు 19న, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర నిర్మాణాన్ని పార్లమెంటులో ప్రకటించారు. ఆ ఇల్లు నేడు అమరజీవి స్మారక భవనంగా నిలిచి ఉన్నది.

"వివాదం లేని" అనే మాట బరువు

నెహ్రూ ప్రకటనలో సరిహద్దు ప్రజలకు అత్యంత ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. మదరాసు నగరాన్ని మినహాయించి, వివాదం లేని తెలుగు ప్రాంతాలతో రాష్ట్రం ఏర్పడుతుందని దాని సారాంశం. ఆ మాట అప్పటికప్పుడు పుట్టినది కాదు. 1948లో ధార్ కమిషన్ భాషాప్రాతిపదికపై రాష్ట్రాల విభజనను సమ్మతించలేదు. తరువాత జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయి పటేల్, పట్టాభి సీతారామయ్యలతో కూడిన జె.వి.పి. సంఘం 1949లో ఆంధ్రకు దారి తెరిచింది. అయితే ఆంధ్రులు మదరాసు నగరంపై హక్కును వదులుకోవాలనే షరతు పెట్టింది.

అదే ఏడు ఉమ్మడి మదరాసు ముఖ్యమంత్రి పి.ఎస్. కుమారస్వామిరాజా అధ్యక్షతన విభజన సంఘం ఏర్పడింది. ఇరుపక్షాల నాయకులూ ఒకే బల్ల ముందు కూర్చున్న ఆ సంఘంలో టంగుటూరి ప్రకాశం భిన్నాభిప్రాయం వ్రాశారు. ప్రధాన అడ్డంకి మదరాసు నగరమే. ఏకాభిప్రాయం కుదరకపోవడంతో విషయం మూలబడింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చే నాటికి ఆంధ్ర ఏర్పడలేదు.

ఒక చోట తేలని వివాదం తేలిన విషయాలను కూడా ఆపివేయగలదని ఆ మూడేళ్లు నిరూపించాయి. 1952 డిసెంబరు ప్రకటన ఆ చిక్కును విప్పిన విధానం ఇది: తేలినదానిని ముందుగా విడదీయడం, తేలనిదానిని తరువాతికి వాయిదా వేయడం. రాష్ట్రం త్వరగా వచ్చింది. కాని "తరువాత" అన్న ఆ మాట కింద మిగిలిపోయినవి సరిహద్దు తాలూకాలే.

రాజధాని చిక్కు

విభజన వల్ల కలిగే ఆర్థిక, పాలనా పరిణామాలను పరిశీలించడానికి రాజస్థాన్ ప్రధాన న్యాయమూర్తి కె.ఎన్. వాంఛూను కేంద్రం నియమించింది. ఆయన 1953 ఫిబ్రవరిలో నివేదిక సమర్పించారు. కొత్త రాష్ట్రం కొంతకాలం మదరాసు నుండే పాలన సాగించవచ్చునా అన్నది నాటి తీవ్రమైన చర్చ. తెలుగువారి పక్షాన "మదరాసు మనదే" అన్న నినాదం వినిపిస్తే, తమిళ పక్షాన మ.పొ. శివజ్ఞానం తల ఇచ్చయినా రాజధానిని కాపాడుకుంటామని ఉద్యమించారు. ముఖ్యమంత్రి రాజగోపాలాచారి తాత్కాలిక ఏర్పాటుకు సైతం సుముఖంగా లేరు. 1953 మార్చి 25న కేంద్రం నిర్ణయం వెలువరించింది: అక్టోబరు 1న ఆంధ్ర అవతరిస్తుంది, దాని రాజధాని దాని భూభాగంలోనే ఉండాలి.

శ్రీబాగ్ ఒడంబడిక అప్పుడు అక్కరకు వచ్చింది. రాజధాని కర్నూలుకు, ఉన్నత న్యాయస్థానం కోస్తాకు అన్న పంపిణీ దాని స్ఫూర్తితోనే కుదిరింది. 1953 అక్టోబరు 1న ప్రకాశం ముఖ్యమంత్రిగా కర్నూలులో కొత్త ప్రభుత్వం కొలువుతీరింది.

పరివర్తన కాలపు ఏర్పాట్లు

కాపురాలు వేరుపడిన అన్నదమ్ములకు బావి ఉమ్మడిగా మిగిలినట్లు, వేరుపడిన రాష్ట్రాలకు కూడా కొన్ని ఉమ్మడిగా మిగులుతాయి. 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం వాటికి వేర్వేరు పద్ధతులు నిర్ణయించింది.

న్యాయస్థానం: రాష్ట్రం ఏర్పడిన రోజున ఆంధ్రకు సొంత హైకోర్టు లేదు. మదరాసు హైకోర్టే కొంతకాలం ఆంధ్ర వ్యాజ్యాలను విన్నది. 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ప్రారంభమైన తరువాతనే ఆ బంధం తెగింది.

నీరు: తుంగభద్ర ప్రాజెక్టు ఒక్క రాష్ట్రానికి చెందినది కాదు. అందుచేత ఆ చట్టం కిందనే తుంగభద్ర బోర్డు ఏర్పడింది. గీతను దాటి పారే నీటిని ఒక ఉమ్మడి సంస్థ చేతికి అప్పగించిన ఆ ఏర్పాటు నేటికీ కొనసాగుతున్నది.

బళ్లారి: ఈ జిల్లాలో తెలుగు, కన్నడం కలగలిసి ఉండేవి. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగిలినవి మైసూరుకు పోయాయి. బళ్లారి తాలూకాపై వివాదం తీవ్రం కావడంతో హైదరాబాదు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రా విచారణ జరిపారు. ఆయన సిఫారసు ప్రకారం అది మైసూరుకు చెందింది.

ఏడేళ్లు తెగని గీత: చిత్తూరు, చెంగల్పట్టు

మదరాసు వైపు హద్దు బళ్లారి కంటె చిక్కైనది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు జిల్లాలోని తాలూకాలకు కడప జిల్లాలోని మదనపల్లె, వాయల్పాడులను కలిపి దానిని కూర్చారు. కనుక దాని దక్షిణ తాలూకాలలో తెలుగు, తమిళం ఒకే వీధిలో వినిపించేవి. తిరుత్తణిలో 1888లో ఒక తెలుగు కుటుంబంలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తరువాతి కాలంలో భారత రాష్ట్రపతి అయ్యారు. ఆ ఊరే ఈ వివాదానికి కేంద్రమైంది.

1953లో చిత్తూరు జిల్లా మొత్తం ఆంధ్రకు వచ్చింది. మ.పొ. శివజ్ఞానం నాయకత్వంలో ఉత్తర సరిహద్దు ఉద్యమం తిరుపతిని సైతం కోరింది. తెలుగు నాయకులు చెంగల్పట్టు జిల్లా ఉత్తర భాగాలలోని తెలుగు గ్రామాలను, సేలం జిల్లా హోసూరు ప్రాంతాన్ని కోరారు. ప్రతి పక్షానికీ అవతల మిగిలిపోయిన తనవారు ఉన్నారు. కనుక ఒక పక్షం వాదనను పూర్తిగా ఒప్పుకుంటే రెండవ పక్షం వాదన కూడా అదే న్యాయంతో నిలబడేది.

చివరకు ఇరు ప్రభుత్వాలు మధ్యవర్తిత్వానికి అంగీకరించాయి. కేంద్రంలో న్యాయశాఖ నిర్వహించిన హెచ్.వి. పటాస్కర్ ఆ బాధ్యత వహించారు. ఆయన పాటించిన సూత్రాలు తరువాతి కాలంలో కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దు వివాదంలోనూ ప్రస్తావనకు వచ్చాయి. అవి క్లుప్తంగా ఇవి:

1. తాలూకాను కాక గ్రామాన్ని లెక్కకు ప్రమాణంగా తీసుకోవడం.
2. గ్రామంలో ఎక్కువమంది మాట్లాడే భాషను చూడటం.
3. చేరబోయే రాష్ట్రపు భూభాగంతో ఆ గ్రామం ఎడతెగక కలిసి ఉండటం.
4. ప్రజల అభీష్టాన్ని పరిగణించడం.

ఈ సూత్రాలలో మూడవదే ఎక్కువ కుటుంబాల గుండె కోసినది. తెలుగువారు అధికంగా ఉన్న ఊరైనా చుట్టూ తమిళ గ్రామాలు ఉంటే అది ఒంటరి ద్వీపంగా ఆంధ్రలో చేరలేదు. తమిళ గ్రామాల విషయంలోనూ అంతే. భాష ఒకటే హద్దును నిర్ణయించినట్లయితే పటం గళ్ల దుప్పటిలా ఉండేది. దారి, కచేరీ, కాలువ దేనికీ పొంతన ఉండేది కాదు.

ఆ సిఫారసుల ఆధారంగా పార్లమెంటు ఆంధ్రప్రదేశ్, మదరాసు సరిహద్దుల మార్పు చట్టాన్ని 1959లో చేసింది. 1960 ఏప్రిల్ 1న అది అమలులోకి వచ్చింది. తిరుత్తణి తాలూకాలో అధికభాగం, పుత్తూరు, చిత్తూరు తాలూకాలలోని కొన్ని గ్రామాలు, పళ్లిపట్టు ప్రాంతంతో సహా, మదరాసు రాష్ట్రానికి వెళ్లాయి. తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల నుండి సత్యవేడు ప్రాంతపు గ్రామాలు, సేలం జిల్లా అంచులోని కొద్ది గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. తిరుపతి ఆంధ్రలో, హోసూరు మదరాసులో నిలిచాయి. ఎవరికీ కోరినదంతా దక్కలేదు. బహుశా అందువల్లనే ఆ గీత నిలిచింది.

గ్రామం మారితే ఏమి మారింది

1960 మార్చి 31 రాత్రి తిరుత్తణి వాసి ఆంధ్రప్రదేశ్‌లో నిద్రించి మరునాడు మదరాసు రాష్ట్రంలో మేల్కొన్నాడు. ఇల్లు, పొలం, గుడి కదలలేదు. జిల్లా కేంద్రం, పై కోర్టు, రికార్డుల భాష, బడి భాష, శాసనసభ్యుడు కూర్చునే సభ మారాయి. సత్యవేడు వాసికి అదే మార్పు ఎదురు దిశలో జరిగింది.

దీనివల్ల పాత దస్తావేజులు చదువునప్పుడు నేటికీ తికమక కలుగుతుంది. ఆస్తి వ్యవహారాలలో ఊరి పేరు ఒకటే అయినా జిల్లా, రాష్ట్రం పేర్లు కాలాన్ని బట్టి మారుతాయి. ఈ క్రమం గుర్తుంచుకోవడం ఉపయోగం:

తిరుత్తణి: 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లా. తరువాత చిత్తూరు జిల్లా. 1953 సెప్టెంబరు చివరి వరకు మదరాసు రాష్ట్రం, 1953 అక్టోబరు నుండి ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు నుండి ఆంధ్రప్రదేశ్. 1960 ఏప్రిల్ నుండి మదరాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లా. 1969లో రాష్ట్రం పేరు తమిళనాడుగా మారింది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడగా అందులో చేరింది.

సత్యవేడు: 1960 మార్చి చివరి వరకు మదరాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లా. 1960 ఏప్రిల్ నుండి ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది.

తాత గారి క్రయపత్రంలో "చిత్తూరు జిల్లా, తిరుత్తణి తాలూకా" అని ఉండటం తప్పు కాదు, మోసం అంతకంటె కాదు. ఆ పత్రం వ్రాసిన సంవత్సరాన్ని ముందు చూడవలెను. సర్వే నంబరు, నాటి తాలూకా పేరు, సంవత్సరం మూడూ కలిపి అడిగితేనే కచేరీలో వెతకడం సాధ్యమవుతుంది.

గీతకు అటూ ఇటూ మిగిలినవారు

ఎంత జాగ్రత్తగా గీసినా, ఏ గీత అయినా కొందరిని అవతల వదిలివేస్తుంది. అటువంటివారి రక్షణకు 1956లో రాజ్యాంగానికి చేసిన ఏడవ సవరణ 350ఎ, 350బి అధికరణాలను చేర్చింది. మొదటిది ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రయత్నించాలని రాష్ట్రాలకు సూచిస్తుంది. రెండవది భాషాపరమైన అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేకాధికారిని ఏర్పాటు చేస్తుంది. ఈ హామీలు నిత్యం నిలబెట్టుకోవలసినవే తప్ప ఒకసారి రాసిపెట్టి మరచిపోదగినవి కావు. 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతి నుండి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. అది పదవ తరగతికి చేరిన దశలో తెలుగు, ఉర్దూ, కన్నడం, మలయాళం చదివే పిల్లల పరీక్షల ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్లింది. కుప్పం ప్రాంతంలోని తమిళ కుటుంబాలకు ఇటువైపు అదే హామీ వర్తిస్తుంది.

నీటి విషయంలో బేరసారాలు 1960తో ముగియలేదు. ఆరణియారు పిచ్చాటూరు జలాశయం దాటి సురుటుపల్లి మీదుగా తమిళనాడులోకి పారుతుంది. పులికాట్ సరస్సు రెండు రాష్ట్రాలకూ చెందుతుంది. చేపలకు మాత్రం గీత తెలియదు. 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం ప్రకారం కృష్ణాజలం కండలేరు నుండి కాలువ ద్వారా ఊత్తుకోట సమీపంలోని జీరో పాయింట్ వద్ద తమిళనాడులో ప్రవేశిస్తుంది. ఒకనాడు ఏ నగరం కోసం ఇరుపక్షాలు పోరాడాయో ఆ నగరానికే నీరు పంపడానికి ఆంధ్ర అంగీకరించింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ఒక్కొక్కటి 5 టి.ఎం.సి.ల చొప్పున అందుకు ఒప్పుకున్నాయి.

సరకుల రాకపోకలకు అమ్మకపు పన్ను తనిఖీ కేంద్రాలు చాలాకాలం అడ్డుగా ఉండేవి. 2017 జులై 1న వస్తు సేవల పన్ను వచ్చిన తరువాత ఆ తనిఖీ కేంద్రాలు తొలగిపోయాయి.

ఐర్లండు సరిహద్దుతో పోలిక

స్వతంత్ర దేశం ఒక కూటమిని వీడితే ఇదే ప్రశ్న మరింత కఠినమవుతుంది. 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు యూరోపియన్ యూనియన్ నుండి వైదొలగడానికి ఓటు వేశారు. 2020 జనవరి 31న అది వైదొలగింది. ఆ ఏడాది చివరి వరకు పరివర్తన కాలం నడిచింది. ఉత్తర ఐర్లండుకు, ఐర్లండు గణతంత్రానికి నడుమ సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు ఉన్నది. 1998 శాంతి ఒప్పందం తరువాత అక్కడ సైనిక కాపలాలు తొలగి, ఇంటి నుండి పొలానికి పోయినంత సులువుగా జనం దాటుతున్నారు. ఆ హద్దుపై సుంకపు ఠాణాలు పెడితే పాత గాయాలు రేగుతాయన్న భయంతో, సరకుల తనిఖీని బ్రిటన్, ఉత్తర ఐర్లండుల మధ్యనున్న సముద్రం వైపుకు మార్చారు. దానిపైనా వివాదాలు రాగా 2023లో విండ్సర్ ఒప్పందంతో సవరించారు.

ఆంధ్ర, మదరాసు సమస్య దానికంటె సులభమైనది. ఒకే దేశం, ఒకే పౌరసత్వం, ఒకే నాణెం ఉన్నాయి. రాజ్యాంగం మూడవ అధికరణం ప్రకారం హద్దులు మార్చే తుది అధికారం పార్లమెంటుదే. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోరవలెను గాని దాని సమ్మతి తప్పనిసరి కాదు. ఐరోపాలో అటువంటి పై పెద్ద లేకపోవడం వల్లనే బేరసారాలు ఏళ్లతరబడి సాగాయి. అయినా రెండు చోట్లా తేలిన సంగతి ఒకటే: గీతను తుడిచివేయలేకపోతే దాని బరువును సరిహద్దు ఇంటి గుమ్మం మీద కాక మరొక చోట దించే మార్గం వెదకవలెను.

ఫలితం

1937లో శ్రీబాగ్ ఇంట, 1952లో సాంబమూర్తిగారి ఇంట మొదలైన మాట 1960లో సత్యవేడు, తిరుత్తణి పొలాల గట్లపై ముగిసింది. ఆ గీత ఎవరికీ సంపూర్ణ న్యాయం చేయలేదు. కాని గ్రామాన్ని లెక్కలోకి తీసుకున్నది, మధ్యవర్తి మాటను ఇరుపక్షాలు మన్నించాయి, ఆ తరువాత దానికోసం రక్తం చిందలేదు. నేడు కూడా తిరుత్తణి మురుగన్‌కు కావడి మోసేవారిలో ఇటు ఊళ్లవారు ఉన్నారు; తిరుమల మెట్లు ఎక్కేవారిలో అటు ఊళ్లవారు ఉన్నారు. పెళ్లి సంబంధాలు గీతకు ఇరువైపులా కుదురుతూనే ఉన్నాయి. బీరువాలోని పాత దస్తావేజుపై రాష్ట్రం పేరు ఏదైనప్పటికీ, అందులోని సర్వే నంబరు మాత్రం అదే పొలాన్ని చూపుతుంది.